వాలు తెలిసిన చేతులు



ఫోన్‌లో ఆడే ఒక చిన్న ఆట గురించి ఈ కాసేపు మీతో మాట్లాడాలని వచ్చాను. ఫోన్‌లో ఆట అనగానే తుపాకుల మోత, కార్ల పరుగు, పైసలు పెట్టి ఆడే రమ్మీ గుర్తుకొస్తాయి. నేను చెప్పబోయే ఆటలో మోత లేదు, పందెం లేదు. తెర మీద ఒక చెక్క పలక బొమ్మ ఉంటుంది. పలక మీద అడ్డంగా, నిలువుగా చిన్న చిన్న గోడలు. గోడల మధ్య మెలికలు తిరిగే దారి. దారి పక్కనే అక్కడక్కడా గుంతలు. ఒక మూల ఇనుప గోలీ, ఇంకో మూల అది చేరాల్సిన చోటు. తెరను వేలితో తాకే పని లేదు. ఫోన్‌ను ఎటు వంచితే గోలీ అటు దొర్లుతుంది. గుంతలో పడకుండా దాన్ని చివరిదాకా తీసుకుపోవాలి. అంతే ఆట.

మాది కంగ్టి. సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ డివిజన్‌లో, కర్ణాటక హద్దు పక్కనే ఉన్న మండలం. 1956కు ముందు నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో మెదక్ జిల్లాకు వచ్చింది. 2016లో సంగారెడ్డి జిల్లా ఏర్పడ్డాక అందులో చేరింది. జిల్లాల పేర్లు మారాయి గానీ మనుషుల నోటి మాటలు అట్లాగే ఉన్నాయి. మా బస్టాండులో పదిమంది చేరితే తెలుగు, కన్నడం, మరాఠీ, లంబాడీ, ఉర్దూ అన్నీ వినిపిస్తాయి. ఫోన్‌లో ఉండే చాలా ఆటలకు ఇంగ్లీషు అక్షరం రావాలి, ఏ బొత్తాం ఎందుకో తెలియాలి, నెట్టు ఉండాలి. ఈ ఆటకు అవేవీ అక్కర్లేదు. చేతికిచ్చి ఒకసారి వంచి చూపిస్తే చాలు, తండా పిల్లవాడైనా, హద్దు అవతలి ఔరాద్ నుంచి బంధువుల ఇంటికి వచ్చిన పెద్దాయనైనా అక్కడికక్కడే మొదలుపెడతారు. ఒకరు ఆడుతుంటే పక్కవాళ్ళ తలలు కూడా అటే వంగుతాయి.

ఇంత చిన్న ఆట మనిషిని ఎందుకంతగా పట్టుకుంటుంది? నాకు తోచిన జవాబు ఇది. చదువులో, ఉద్యోగంలో మనం లెక్కలోకి తీసుకోని ఒక తెలివి మన చేతుల్లో ఉంది. ఈ ఆట ఆ తెలివిని పేరుపెట్టి పిలుస్తుంది. పిలిస్తే పలికే శక్తి మనలో ఉందని తెలిసినప్పుడు కలిగే సంతోషమే దీని ఆకర్షణ.

చిక్కుదారి అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేది పద్మవ్యూహం. అభిమన్యుడికి లోపలికి పోవడం తెలుసు, బయటికి రావడం తెలియదు. వ్యూహం మధ్యలో నిలబడ్డవాడికి నాలుగు వైపులా సైన్యమే కనిపిస్తుంది, దారి కనిపించదు. మన ఆటలో సంగతి వేరు. మనం పైనుంచి చూస్తున్నాం. మొదటి నుంచి చివరిదాకా దారి అంతా కళ్ళ ముందే ఉంది. ఎక్కడ మలుపు, ఎక్కడ గుంత, అన్నీ తెలుసు. చాలా ఆటల్లో గీత గీసి కూడా చూపిస్తారు. అయినా గోలీ పడిపోతుంది. దారి తెలియడం ఒక ఎత్తు, ఆ దారిన నడవడం ఇంకో ఎత్తు అని పెద్దలు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని మాట, ఈ అరచేతి పలక మీద నిమిషంలో ఎక్కుతుంది.

ఎందుకు పడిపోతుందో చూద్దాం. గోలీ మన మాట నేరుగా వినదు. మన చేతిలో ఉన్నది గోలీ కింది నేల మాత్రమే. నేలను వంచితే గోలీ కదలడం మొదలుపెడుతుంది, వంచి ఉంచినంతసేపూ వేగం పెరుగుతూనే ఉంటుంది. ఫోన్‌ను మళ్ళీ సమంగా పెట్టినా గోలీ ఆగదు, అప్పటికి వచ్చిన వేగంతో దొర్లుతూనే ఉంటుంది. ఆగాలంటే ఎదురు వాలు ఇవ్వాలి.

కొంచెం లెక్క చెబుతాను, కష్టమేమీ లేదు. 15 సెంటీమీటర్ల పొడవున్న ఫోన్‌ను బల్ల మీద పెట్టి, ఒక కొనను 1.3 సెంటీమీటర్లు పైకెత్తితే 5 డిగ్రీల వాలు వస్తుంది. చూసేవాళ్ళకు అది వంచినట్టే అనిపించదు. అంత చిన్న వాలు మీద నిజమైన ఇనుప గోలీని వదిలితే ఆ 15 సెంటీమీటర్లూ 0.7 సెకనులో దాటిపోతుంది. అప్పటికి దాని వేగం సెకనుకు 40 సెంటీమీటర్లు దాటుతుంది. కన్ను చూసి, మనసు తేరుకుని, చెయ్యి తిరగడానికి మనిషికి దాదాపు పావు సెకను పడుతుంది. ఆ పావు సెకనులో గోలీ ఇంకో 10 సెంటీమీటర్లు ముందుకు పోతుంది. గుంత కనిపించాక ఆపుదాంలే అనుకుంటే ఆపలేమన్నమాట. ఆటలు తయారుచేసేవాళ్ళు గోలీని కొంత నెమ్మది చేస్తారు గానీ నియమం మాత్రం ఇదే. గోలీ ఎక్కడుందో చూసి ఆడేవాడు ఓడిపోతాడు. అది ఎక్కడికి పోబోతున్నదో చూసి ఆడేవాడు గెలుస్తాడు. కొత్తగా ఆడేవాళ్ళు గోలీని నడపాలని చూస్తారు, చెయ్యి తిరిగినవాళ్ళు దాన్ని ఆపడం నేర్చుకుంటారు. ఆపడం వచ్చిందంటే నడపడం వచ్చినట్టే.

ఈ విద్య మా ఊళ్ళో ఎవరికి వచ్చో నాకు కళ్ళారా చూసే భాగ్యం కలిగింది. కందులు ఇంటికొచ్చిన రోజులు. పక్కింటి వాకిట్లో ఒక పెద్దావిడ చాటతో కందులు చెరుగుతున్నది. ఆమె మనవడు అరుగు మీద కూర్చుని ఈ ఆటే ఆడుతూ ఫోన్‌ను అటూ ఇటూ గట్టిగా ఊపుతున్నాడు.

"ఏందిరా అది, గంతగనం ఊపుతున్నవ్?" అని అడిగిందావిడ.

"గోలీని గా మూలకు తీస్కపోవాలె నాయనమ్మా. ఊకె పడిపోతున్నది."

ఆవిడ చాట పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని ఫోన్ తీసుకుంది. రెండు చేతులతో, చాట పట్టుకున్నట్టే పట్టుకుంది. మొదటిసారి గోలీ పడింది, రెండోసారీ పడింది. ఆ తర్వాత ఆమె మణికట్టు కుదురుకుంది. గోలీ కదిలీ కదలకముందే వెనక్కి వంచుతున్నది. గోడ దగ్గర దాన్ని కాసేపు నిలబెట్టి, మళ్ళీ పక్కకు వదులుతున్నది. మనవడు పడేసుకుంటున్న గుంతను దాటించి, ఫోన్ వాడి చేతికిచ్చింది.

"గట్ల గుంజితె పడకేమైతది? జరంత వంచు. అది కదిలిందా, మల్ల ఎనుకకు వట్టు. పైలంగ పోనియ్యి," అంది.

ఆమె చాట పనిని కొంచెం దగ్గరగా చూడండి. చాట వాలుగా పట్టి ఊపితే గుండ్రని కందిగింజ ముందుకు దొర్లుతుంది. మొండి అంచుల మట్టిబెడ్డ వెనకే ఉండిపోతుంది. వాలు ఎక్కువైతే బెడ్డ కూడా జారి గింజల్లో కలుస్తుంది. తక్కువైతే గింజ కదలనే కదలదు. ఎంత వంచాలో, ఎంతసేపు వంచాలో, ఎప్పుడు తిరగ్గొట్టాలో ఆమెకు తెలుసు. అడిగితే మాటల్లో చెప్పలేదేమో గానీ చేతులు చెబుతాయి. ఏళ్ళ తరబడి కందులు, పెసర్లు, జొన్నలు నేర్పిన చదువది. చాట మీద గురుత్వాకర్షణతో పని చేసిన చేతికి ఫోన్‌లో గోలీ పరాయిది అవుతుందా?

ఫోన్‌కు వాలు ఎట్లా తెలుస్తుందని అడగవచ్చు. ఫోన్ లోపల కొన్ని మిల్లీమీటర్ల చిప్పు ఒకటి ఉంటుంది. దాని పేరు యాక్సిలరోమీటర్. అందులో సిలికాన్‌తో చెక్కిన అతి చిన్న బరువు ఒకటి, సిలికాన్ స్ప్రింగుల మీద వేలాడుతూ ఉంటుంది. బరువుకు అంటుకుని కొన్ని పలుచని పలకలు, వాటికి ఎదురుగా కదలని పలకలు. ఫోన్ వంగితే భూమి లాగే లాగుడు వల్ల ఆ బరువు వెంట్రుక వాసిలో వెయ్యో వంతు కూడా లేనంత జరుగుతుంది. పలకల మధ్య ఎడం మారుతుంది, దానితో వాటి విద్యుత్ గుణం మారుతుంది. మూడు దిక్కుల్లో ఈ కొలత తీసుకుంటే భూమి ఎటు ఉన్నదో ఫోన్‌కు తెలిసిపోతుంది. ఫోన్ అడ్డంగా తిప్పితే బొమ్మ తనంతట తాను తిరిగేది కూడా ఈ చిప్పు వల్లనే. ఖరీదైన ఫోన్ ఒక్కదానిలోనే ఉండేది కాదిది. సాధారణమైన స్మార్ట్‌ఫోన్లలోనూ ఉంటుంది. అందుకే ఈ ఆట అందరి చేతికీ అందింది.

ఈ చిప్పుకు ఒక పరిమితి ఉంది, అది చాలా లోతైన పరిమితి. నారాయణఖేడ్ నుంచి కంగ్టి వచ్చే బస్సులో ఈ ఆట ఆడి చూడండి. ఫోన్ సమంగానే పట్టుకున్నారు, చెయ్యి కదలలేదు. డ్రైవరు బ్రేకు తొక్కగానే తెర మీది గోలీ బస్సు ముందు వైపుకు దొర్లిపోతుంది. బస్సు వేగం సెకను సెకనుకు 2 మీటర్ల చొప్పున తగ్గితే, ఫోన్‌ను 11 డిగ్రీలకు పైగా ముందుకు వంచినట్టే. బ్రేకు వేటుకూ భూమి లాగుడుకూ మధ్య తేడా ఆ చిప్పుకు తెలియదు. తెలియకపోవడంలో దాని తప్పేమీ లేదు. ఆ రెంటినీ ఒక్కచోట నిలబడి వేరుచేసి చెప్పడం సాధ్యం కాదని 1907లో ఐన్‌స్టీన్‌కు తట్టింది. అప్పుడాయన స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో పేటెంట్ ఆఫీసు ఉద్యోగి. ఆ ఆలోచన నుంచే తర్వాత సాధారణ సాపేక్ష సిద్ధాంతం పుట్టింది. మా ఊరి బస్సులో గోలీ ఉన్నట్టుండి పరుగెత్తినప్పుడల్లా ఆ మహా సత్యం పిల్లల అరచేతిలో జరుగుతున్నది. పక్కన కూర్చున్న పెద్దవాళ్ళు ఒక్క మాట చెబితే చాలు, ఆ పిల్లలు జీవితాంతం మరచిపోరు.

ఈ ఆట ఫోన్‌తో పుట్టిందనుకుంటే పొరపాటు. 1889లో అమెరికాలో చార్లెస్ క్రాండల్ అనే బొమ్మల తయారీదారు ఒక ఆటబొమ్మ చేశాడు. గుండ్రని డబ్బీలో ఒకదాని లోపల ఒకటిగా గోడల వలయాలు, నాలుగు గోలీలు. డబ్బీని వంచుతూ నాలుగింటినీ నడిమి దొడ్లోకి తోలాలి. గోలీలకు పందులని పేరు. ఒకదాన్ని లోపలికి పంపేలోగా ఇంకోటి బయటికొస్తుంది. దేశమంతా దానికోసం ఎగబడింది. విలియం ఎవర్ట్స్ అనే సెనేటర్ వీధిలో ఒకటి కొని సెనేటుకు తెస్తే, తోటి సెనేటర్లు పని పక్కనపెట్టి ఆడుతూ కూర్చున్నారని పత్రికలు రాశాయి.

1946లో స్వీడన్‌లో బ్రియో అనే బొమ్మల కంపెనీ చెక్కపెట్టె రూపంలో ఇంకో ఆట తెచ్చింది. రూపకర్త స్వెన్ బెర్గ్లింగ్. పెట్టెకు రెండు పక్కల రెండు మరలు. ఒకటి పలకను ముందుకూ వెనక్కూ వంచుతుంది, రెండోది కుడికీ ఎడమకూ. దారి పొడవునా గుంతలు, ఒక ఉక్కు గోలీ. మనం ఇప్పుడు ఫోన్‌లో చూస్తున్న చెక్క పలక బొమ్మకు మూలం అదే. ఆ కంపెనీ ఊరు దక్షిణ స్వీడన్‌లోని ఊస్‌బీ. 2008లో ఐఫోన్‌కు యాప్ స్టోర్ తెరిచినప్పుడు, చెక్క పలకా ఇనుప గోలీ అచ్చంగా కనిపించే ఆటను తెచ్చింది ఇల్యూజన్ ల్యాబ్స్ అనే సంస్థ. వాళ్ళదీ దక్షిణ స్వీడనే, మాల్మో నగరం. ఫోన్ వంచితే తెర మీది గోలీ దొర్లడం చూసి అప్పట్లో జనం నోరెళ్ళబెట్టారు. తర్వాత అలాంటి ఆటలు ఎన్నో వచ్చాయి, ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్నాయి.

మనకూ దీని చుట్టం ఒకటి ఎప్పటి నుంచో ఉంది. జాతరల్లో నేల మీద పరిచి అమ్మే చిన్న ప్లాస్టిక్ డబ్బీ గుర్తుందా? పైన అద్దంలాంటి మూత, లోపల రెండు మూడు సన్నని ఇనుప గుండ్లు, అట్ట మీద బొమ్మ, బొమ్మ కళ్ళ దగ్గర చిల్లులు. గుండ్లను కళ్ళలో కూర్చోబెట్టాలి. జాతర నుంచి ఇంటికొచ్చే బండిలో పిల్లలు దానిమీదే పడి ఉండేవాళ్ళు. ఫోన్ ఆ డబ్బీ మూత తీసి, లోపల వందల దారులు పెట్టింది.

ఇంకో కొత్త సంగతి కూడా చెప్పాలి. 2023 చివరలో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ నగరం నుంచి ఒక వార్త వచ్చింది. ఈటీహెచ్ విశ్వవిద్యాలయంలో థామస్ బి, రఫాయెల్లో డాండ్రియా అనే పరిశోధకులు ఈ చెక్కపెట్టె ఆట ఆడే యంత్రాన్ని తయారుచేశారు. దాని పేరు సైబర్‌రన్నర్. రెండు మరలకు రెండు మోటార్లు, పైన ఒక కెమెరా. ఎట్లా ఆడాలో ఎవరూ దానికి చెప్పలేదు. పడుతూ లేస్తూ తనంతట తానే నేర్చుకుంది. దాదాపు 6 గంటల సాధనతో, అప్పటిదాకా మనుషుల్లో అందరికన్నా వేగంగా ఆడినవారి సమయం కన్నా 6 శాతానికి పైగా తక్కువ సమయంలో పూర్తిచేసింది. నేర్చుకునే క్రమంలో అది దారిలో కొన్ని భాగాలను దాటేసే అడ్డదారులు కూడా కనిపెట్టింది, అట్లా దాటవద్దని పరిశోధకులు ప్రత్యేకంగా నియమం పెట్టాల్సి వచ్చింది. చదరంగంలో కంప్యూటరు ప్రపంచ విజేతను 1997లోనే ఓడించింది. గోలీని గుంతలు దాటించడంలో మనిషిని దాటడానికి 2023 దాకా పట్టింది. ఎత్తులు ఆలోచించడం గొప్ప తెలివనీ, చేతిపని చిన్న తెలివనీ మనం అనుకుంటూ వచ్చిన లెక్కను ఈ రెండు సంవత్సరాలు తిరగరాయమంటున్నాయి. చేతి తెలివి యంత్రానికి అందడమే ఆలస్యమైంది. వాకిట్లో చాట పట్టిన ఆ పెద్దావిడ తెలివి ఎంత విలువైనదో దీన్నిబట్టి ఆలోచించండి.

ఈ ఆటలో నాకు నచ్చే గుణం ఇంకొకటి ఉంది, అది నిజాయితీ. ముక్కలు బాగా పడలేదనడానికి లేదు, ఎదుటివాడు మోసం చేశాడనడానికి లేదు. వాలుకు గోలీ ఎప్పుడూ ఒకేలా స్పందిస్తుంది. పడితే కారణం మన చెయ్యే. పడ్డ మరుక్షణం గోలీ మళ్ళీ మొదట్లో సిద్ధంగా ఉంటుంది. తిట్టేవాళ్ళు లేరు, మార్కులు తీసేవాళ్ళు లేరు. నిన్న దాటని గుంత ఈరోజు దాటితే ఆ గెలుపు కూడా పూర్తిగా మనదే. బడిలో వెనకబడ్డానని కుంగిపోయే పిల్లవాడికి, సాధన చేస్తే వస్తుందనే నమ్మకం ఇంతకన్నా సూటిగా ఇచ్చేది అరుదు. తొందర ఎక్కువ ఉన్నవాణ్ణి నెమ్మదించమంటుంది, భయం ఎక్కువ ఉన్నవాణ్ణి కొంచెం వంచి చూడమంటుంది.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. ఉచిత ఆటల్లో ప్రకటనలు మధ్యలో దూరతాయి. వాటిలో కొన్ని పిల్లలు చూడదగ్గవి కావు, కొన్ని డబ్బు పందేల వైపు లాగుతాయి. ఈ ఆటకు నెట్టు అక్కర్లేదు కాబట్టి డేటా ఆపేసి ఆడితే చాలావరకు ఆ బెడద ఉండదు. 2 నుంచి 4 ఏళ్ళ పిల్లలు రోజుకు గంటకు మించి తెర ముందు కూర్చోరాదని, ఏడాది నిండని పసివాళ్ళకు తెరే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పెద్ద పిల్లలకైనా నాలుగు దారులు ఆడి పక్కన పెట్టే అలవాటు చేయాలి. ఆడేటప్పుడు రెండు చేతులతో ఫోన్ పట్టుకుని, మోచేతులు ఒడిలో ఆనించుకుంటే చెయ్యి వణకదు. మొదట ఫోన్‌ను సమంగా పట్టి, ఎంత వంచితే గోలీ కదులుతున్నదో చూసుకోవాలి. ఆ తర్వాతే దారిన పడాలి.

ఫోన్ లేని ఇంటి పిల్లలు ఈ ఆనందానికి దూరం కానక్కర్లేదు. మా మండలంలోని ఉపాధ్యాయులకు, మిగతా ఊళ్ళ ఉపాధ్యాయులకు కూడా ఒక విన్నపం. చెప్పుల డబ్బా మూత ఒకటి తీసుకోండి. అట్టను పట్టీలుగా కోసి, గమ్ముతోగానీ మైదా లైతోగానీ గోడలు నిలబెట్టండి. గోలీ పట్టేటంత చిల్లులు నాలుగైదు చేయండి. దారి ఎట్లా పోవాలో పిల్లల్నే గీయమనండి, ఒకరు గీసిన దారిలో ఇంకొకరిని ఆడమనండి. ఆట అయ్యాక ఇంకో మూత, గోడలు లేనిది తీసుకోండి. 30 సెంటీమీటర్ల మూత ఒక కొనను 2.6 సెంటీమీటర్లు ఎత్తితే 5 డిగ్రీలు. పైనుంచి గోలీ వదిలితే కిందికి రావడానికి దాదాపు ఒక సెకను. సగం సెకనులో సగం దూరం వస్తుందా అని అడగండి. వస్తుందనే పిల్లలంతా అంటారు. నిజానికి వచ్చేది నాలుగో వంతే. గెలీలియో వాలుపలకల మీద కంచు గుండ్లు దొర్లించి ఈ నియమాన్నే పట్టుకున్నాడు, 1638లో అచ్చైన తన పుస్తకంలో రాశాడు.

ఈ ఆట ఆడించే రోజు ఒక పని మాత్రం మరవకండి. పిల్లల తల్లులను, నాయనమ్మలను, అమ్మమ్మలను బడికి పిలవండి. అట్టమూత ముందుగా వాళ్ళ చేతికివ్వండి. వాళ్ళ మణికట్టు ఎట్లా తిరుగుతుందో పిల్లలను పక్కన నిలబడి చూడమనండి. చూసినదాన్ని నల్లబల్ల మీద గీసి, ఇది వాలు, ఇది వేగం, ఇది ఎదురు వాలు అని వివరించండి. తమ ఇంట్లో ఆడవాళ్ళు రోజూ చేసే పనిలో భౌతికశాస్త్రం ఉందని తెలుసుకున్న పిల్లలు ఆ పాఠాన్ని మరచిపోరు, ఆ చేతులను చిన్నచూపు చూడరు.